చిల్లు చిన్నదే, అప్పే పెద్దది

మోకాళ్ళ నొప్పులకు కీహోల్ ఆపరేషన్: ఎవరికి అవసరం, ఎవరికి దండగ?

ఎర్రుపాలెం: మండలంలో ఏ ఊరి రచ్చబండ దగ్గర నాలుగు మాటలు విన్నా అందులో ఒకటి మోకాళ్ళ గురించే ఉంటున్నది. పొద్దంతా నడుము వంచి నాటు వేసిన కూలి మనిషి సాయంత్రం మోకాలు పట్టుకుని లేస్తున్నది. మిరపకాయ కోతలకు, పత్తి తీతలకు పోయి వచ్చినవారు ఇంటి మెట్టు ఎక్కడానికి గోడను ఆసరా చేసుకుంటున్నారు. శనివారం నాడు జమలాపురం స్వామి దర్శనానికి వచ్చే పెద్దవారిలో కాళ్ళు ఈడ్చుకుంటూ నడిచేవారు ఎందరో కనిపిస్తారు. ఇది ఒక ఊరి బాధ కాదు, ఒక కులం బాధ కాదు. రెక్కల కష్టం మీద బతికే ప్రతి ఇంటి బాధ.

బాధ ఉన్నచోటికి వైద్యం రావాలి. వైద్యంతోపాటు వ్యాపారమూ వస్తున్నది. ఎర్రుపాలెంలో రైలెక్కితే ఒకవైపు ఖమ్మం, మరోవైపు విజయవాడ. రెండు పట్టణాల్లోనూ ఎముకల ఆస్పత్రులకు కొదవ లేదు. “పెద్ద కోత ఉండదు, రెండు చిల్లులే, మర్నాడే ఇంటికి పోవచ్చు” అన్న మాట ఇప్పుడు పల్లెల్లో బాగా వినబడుతున్నది. ఆ మాట అబద్ధం కాదు. కానీ సగం నిజమే. చిల్లు చిన్నదైనంత మాత్రాన ఖర్చు చిన్నది కాదు. చిల్లు చిన్నదైనంత మాత్రాన ఆ ఆపరేషన్ అవసరమని కూడా కాదు. వయసు మీద పడి అరిగిన మోకాలికి ఈ ఆపరేషన్ వల్ల మేలు లేదని వైద్యులే పరీక్షించి చెప్పి ఇరవై ఏళ్ళు దాటిపోయింది. ఆ సంగతి మన పల్లెలకు చేరకపోవడం, పుస్తెలతాడు తాకట్టు పెట్టి మరీ చేయించుకునే స్థితి రావడం శోచనీయం.

అసలు ఈ ఆపరేషన్ ఏమిటి?

కుటుంబ నియంత్రణ క్యాంపుల్లో కడుపుకు చిన్న గాటు పెట్టి చేసే డి.పి.ఎల్. ఆపరేషన్ మన ఆడవారికి కొత్తది కాదు. ఇదీ ఆ జాతిదే. మోకాలికి రెండు మూడు చోట్ల సెంటీమీటరు కంటె చిన్న గాట్లు పెడతారు. ఒక గాటులోంచి పెన్సిలు కంటె సన్నని గొట్టాన్ని లోపలికి పంపుతారు. దాని కొసన దీపం, కెమెరా ఉంటాయి. ఉప్పునీరు ఎక్కించి కీలును ఉబ్బించి, లోపలి భాగాలను టీవీ తెర మీద చూస్తూ, రెండో గాటులోంచి పంపిన చిన్న పనిముట్లతో కత్తిరించడమో, కుట్టడమో చేస్తారు. డాక్టర్లు దీన్ని ఆర్థ్రోస్కోపీ అంటారు.

దీని పుట్టుక కథ తెలుసుకోదగినది. 1918లో జపాన్ రాజధాని టోక్యోలో డాక్టర్ కెంజీ తకాగి, మూత్రాశయం లోపల చూసే గొట్టాన్ని ఒక మృతదేహం మోకాలిలోకి పంపి చూశారు. ఆ రోజుల్లో క్షయ సోకి మోకాలు బిగుసుకుపోయేది. మనలాగే నేల మీద కూర్చునే జపాన్ వారికి మోకాలు మడవలేకపోవడం పెద్ద శాపం. ఆ శాపానికి విరుగుడు వెదుకుతూ ఆయన ఈ దారి పట్టారు. ఆయన శిష్యుడు డాక్టర్ మసాకి వతనాబే పనిముట్టును మెరుగుపరచి, 1962లో చిరిగిన మోకాలి మెత్తను గొట్టం ద్వారానే కత్తిరించి తీశారు. 1964లో కెనడా నుంచి డాక్టర్ రాబర్ట్ జాక్సన్ టోక్యో పోయి ఈ విద్య నేర్చుకున్నారు. అక్కడి నుంచి ఇది ప్రపంచమంతా పాకింది. కాబట్టి ఇది మోసపు విద్య కాదు, గొప్ప విద్య. ఎవరికి చేస్తున్నారన్న దగ్గరే చిక్కంతా ఉన్నది.

గుజ్జు అరిగితే కడిగి లాభం లేదు

మోకాలిలో రెండు ఎముకలు కలిసేచోట నున్నని పొర ఉంటుంది. మనవాళ్ళు దాన్నే గుజ్జు అంటారు. ఆ రెంటి నడుమ చంద్రవంక ఆకారంలో రెండు మెత్తలు ఉంటాయి. ఏళ్ళ తరబడి బరువు మోసీ, గొంతుకు కూర్చునీ, వయసుతోపాటు ఆ పొర అరుగుతుంది. మెత్త అంచులు పీచులు పీచులుగా చిరుగుతాయి. బండి ఇరుసు అరిగితే కడిగి, గ్రీజు రాసినంత మాత్రాన ఇనుము తిరిగి రాదు. మోకాలూ అంతే. లోపల కడిగి, అంచులు గీకి, నునుపు చేసినంత మాత్రాన పోయిన గుజ్జు పెరగదు.

ఇది ఊహించి చెప్పిన మాట కాదు. అమెరికాలోని హ్యూస్టన్‌లో మాజీ సైనికుల ఆస్పత్రి వైద్యులు 180 మంది అరిగిన మోకాళ్ళ రోగులను మూడు భాగాలు చేశారు. ఒక భాగానికి కీలు లోపల గీకి శుభ్రం చేశారు. రెండో భాగానికి ఉప్పునీటితో కడిగి ఊరుకున్నారు. మూడో భాగానికి చర్మం మీద గాట్లు మాత్రం పెట్టి, లోపలికి ఏ పనిముట్టూ పంపకుండా కుట్లు వేశారు. ఎవరికి ఏది జరిగిందో రోగులకు తెలియదు. అయితే వారంతా ముందే ఒప్పుకున్నవారు. రెండేళ్ళపాటు నొప్పినీ నడకనూ కొలిచారు. 2002 జూలైలో ప్రకటించిన ఫలితం ఏమిటంటే, మూడు భాగాల వారికీ తేడా లేదు. ఉత్తుత్తి ఆపరేషన్ ఎంత పని చేసిందో అసలు ఆపరేషన్ అంతే పని చేసింది!

2008లో కెనడా వైద్యులు మరో పరీక్ష చేశారు. ఆపరేషన్‌తోపాటు వ్యాయామం, మందులు ఇచ్చినవారికీ, ఒట్టి వ్యాయామం, మందులతో సరిపెట్టినవారికీ రెండేళ్ళ తర్వాత తేడా కనిపించలేదు. 2013లో ఫిన్లండ్ దేశంలో, మెత్త అరిగి చిరిగిన 146 మందిపై మళ్ళీ ఉత్తుత్తి ఆపరేషన్‌తో పోల్చి చూశారు. ఏడాది తర్వాత అదే ఫలితం. ఇవన్నీ కూడగట్టి చూసిన అంతర్జాతీయ నిపుణుల బృందం, అరుగుదల జబ్బు ఉన్న మోకాలికి దాదాపు ఎవరికీ ఈ ఆపరేషన్ చేయవద్దని 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో గట్టిగా చెప్పింది.

“ఫలానా ఆయన చేయించుకున్నాడు, తగ్గింది కదా” అని అడిగేవారు ఉంటారు. తగ్గి ఉండవచ్చు. అరుగుదల నొప్పికి ఎక్కువ తక్కువలు సహజం. ముదిరినప్పుడే ఎవరైనా ఆస్పత్రికి పోతారు, తర్వాత అది ఎలాగూ కొంత తగ్గుతుంది. ఆపరేషన్ అయ్యాక నెల రోజులు మడిలో దిగరు, బరువు మోయరు. ఆ విశ్రాంతికే సగం నొప్పి పోతుంది. “పెద్ద వైద్యం జరిగింది” అన్న నమ్మకం మరికొంత తగ్గిస్తుంది. హ్యూస్టన్‌లో ఉత్తుత్తి గాట్లు పెట్టించుకున్నవారు కూడా మేలుగా ఉందనే చెప్పారు మరి!

స్కానింగులో చిరుగు కనబడితే?

ఎక్కువమంది లొంగిపోయేది ఇక్కడే. “స్కానింగులో మెత్త చిరిగినట్లు వచ్చింది, వెంటనే చేయించకపోతే కాలు పోతుంది” అనగానే ఇంటిల్లిపాదీ బెంబేలెత్తుతారు. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 50 నుంచి 90 ఏళ్ళ మధ్య వయసు గల 991 మందికి మోకాలి స్కానింగు తీసి, ఫలితాలను 2008లో ప్రకటించారు. నొప్పి ఉన్నవారినే కాదు, లేనివారినీ పిలిచి తీశారు. చిరుగు ఉన్న ప్రతి పదిమందిలో ఆరుగురికి అంతకుముందు నెలలో మోకాలి నొప్పే లేదు. అంటే యాభై దాటినవారికి మెత్త చిరగడం, తల నెరవడం లాంటిదే. నెరిసిన వెంట్రుకకు ఆపరేషన్ ఎవరూ చేయించుకోరు. చిరుగు ఉన్నది కాబట్టి నొప్పికి అదే కారణమనీ, కత్తిరిస్తే పోతుందనీ అనుకోవడం తొందరపాటు.

అంతమాత్రాన డాక్టర్లందరినీ తప్పు పట్టడం న్యాయం కాదు. అవసరం లేదని చెప్పి, వ్యాయామం రాసి పంపే డాక్టర్లు మన ప్రాంతంలోనూ ఉన్నారు. “ఇంత దూరం వస్తే సూది కూడా వెయ్యలేదు” అని వారిని ఆడిపోసుకునేది మనమే. చీటీలో వ్యాయామం రాసిన డాక్టరును తక్కువగానూ, లక్ష రూపాయలు రాసిన డాక్టరును ఎక్కువగానూ చూసే అలవాటు పోవాలి.

ఎవరికి పనికివస్తుంది?

పనికిరాని చోట వద్దన్నట్లే, పనికివచ్చే చోట కావాలని చెప్పడమూ ధర్మం.

సంక్రాంతి కబడ్డీ పోటీల్లో మోకాలు మెలిపడి టప్పున శబ్దమై, గంటల్లో వాచి, ఆ తర్వాత నడుస్తుంటే కాలు జారినట్లయ్యే కుర్రవాడికి లోపలి కట్టు తెగి ఉండవచ్చు. డాక్టర్లు లిగమెంటు అనేది ఆ కట్టునే. ఆటగాళ్ళకు, గట్ల మీద బరువుతో నడిచేవారికి కాలు నిలవకపోతే కొత్త కట్టు వేయడానికి కీహోల్ పద్ధతే మేలు. తొడ వెనుక భాగం నుంచి తాడు వంటి స్నాయువు తీసి లోపల అమరుస్తారు. అయితే తిరిగి ఆటకు దిగాలంటే తొమ్మిది నెలల సాధన కావాలి. అది చేయనివాడికి ఆపరేషన్ చేసీ ఫలం లేదు.

దెబ్బ తగిలి మెత్త ముక్క అడ్డుపడి, కాలు చాపబోతే చాపరాక తాళం పడినట్లు బిగుసుకుపోయినవారికీ ఇది అవసరమే. జ్వరంతో మోకాలు ఎర్రగా, వేడిగా వాచి, అడుగు కూడా వేయలేకపోతే లోపల చీము పట్టిందేమో చూడాలి. అది గంటల మీద చూపించవలసిన జబ్బు. పసరు కట్లతో, కాపడంతో కాలయాపన పనికిరాదు.

చేతి వేళ్ళ సంగతీ చెప్పుకోవాలి. కొడవలి, పార పట్టినవారికి, పత్తి తీసేవారికి, చక్కెర జబ్బు ఉన్నవారికి పొద్దున్నే వేలు ముడుచుకుపోయి, రెండో చేత్తో లాగితే టక్కున తెరుచుకుంటుంది. మనవాళ్ళు “నరం పట్టింది” అంటారు. అది నరం కాదు, కండను ఎముకకు కట్టే తాడు, అంటే స్నాయువు. అది వేలి మొదట ఒక ఉంగరం లాంటి పట్టీలోంచి జారుతుంది. తాడు ఉబ్బితే, బావి గిలకలో ముడిపడిన చేంతాడులా అక్కడ ఇరుక్కుంటుంది. చాలామందికి విశ్రాంతితోనో, డాక్టరు వేసే ఒక ఇంజక్షన్‌తోనో తగ్గుతుంది. తగ్గకపోతే వేలికి మాత్రమే మత్తు ఇచ్చి, చిన్న గాటుతోనో సూదితోనో ఆ పట్టీని వదులు చేస్తారు. అదే రోజు ఇంటికి రావచ్చు. ఇంత చిన్న పనికి భయపడి ఏళ్ళ తరబడి వేలు పనికిరాకుండా చేసుకోవడం తెలివి కాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది పసిబిడ్డల పాదాలు. సుమారు వెయ్యి మంది బిడ్డల్లో ఒకరు పాదం లోపలికి మెలితిరిగి పుడతారు. గ్రహణం పట్టిందని, కర్మ అని ఊరుకోవడం ఘోరం. స్పెయిన్‌లో పుట్టి అమెరికాలోని అయోవాలో పనిచేసిన డాక్టర్ ఇగ్నాసియో పొన్‌సెటి దీనికి కనిపెట్టిన పద్ధతి ఇప్పుడు లోకమంతటా నడుస్తున్నది. పుట్టిన కొద్ది వారాల్లోనే మొదలుపెట్టి, వారం వారం పాదాన్ని మెల్లగా సరిచేస్తూ అయిదారు పిండికట్లు వేస్తారు. చివర, చాలామంది బిడ్డలకు మడమ వెనుక తాడును సన్నని బ్లేడుతో ఒక్క గాటు పెట్టి వదులు చేస్తారు. కుట్టు కూడా పడదు. మూడు వారాల్లో తాడు తిరిగి అతుక్కుంటుంది. తర్వాత ప్రత్యేకమైన బూట్లు మొదటి మూడు నెలలు దాదాపు రోజంతా, ఆపైన నాలుగేళ్ళు వచ్చేదాకా నిద్రవేళల్లో తొడగాలి. బిడ్డ ఏడుస్తున్నదని తల్లి, నాయనమ్మ బూట్లు విప్పేస్తే పాదం మళ్ళీ మెలితిరుగుతుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు, బడులకు వచ్చే వైద్య బృందాలు చూడవలసిన జబ్బుల్లో ఇదీ ఉన్నది. పుట్టినప్పుడే ఆశా కార్యకర్తకు చెబితే దారి చూపుతారు.

అరిగిన మోకాలికి దారి ఏది?

మోకాలిని నిలబెట్టేది ముందు తొడ కండ. అది బలపడితే కీలు మీద భారం తగ్గుతుంది. ఎత్తయిన మంచం మీద కూర్చుని, కాలు తిన్నగా చాపి, పది లెక్కపెట్టే వరకు ఉంచి దించాలి. ఒక్కో కాలికి పదిసార్లు, పొద్దునా సాయంత్రమూ చేయాలి. మొదట కొద్దిగా నొప్పి ఉంటుంది, భయపడనక్కరలేదు. వారంలో గుణం కనబడదు. రెండు మూడు నెలలు విడువకుండా చేయాలి. “రోజంతా పని చేస్తాం, ఇంకా వ్యాయామం ఏమిటి?” అని కూలీలు అడుగుతారు. వంగి చేసే పని కీలును అరగదీస్తుంది గాని ఈ కండను బలపరచదు.

లావుగా ఉన్నవారు బరువు తగ్గాలి. ఒక కిలో తగ్గితే అడుగడుగునా మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో అమెరికాలో లెక్కకట్టారు. ఎండలో బక్కచిక్కిన కూలి మనిషికి ఈ సలహా చెప్పి ప్రయోజనం లేదు. ఆమెకు కావలసింది కింద కూర్చోకుండా పీట మీదనో స్టూలు మీదనో కూర్చుని చేసే వెసులుబాటు, ఇంట్లో కుర్చీ మరుగుదొడ్డి, పని మధ్య లేచి నిలబడే తీరిక. ఇవి సమకూర్చడం ఇంటివారి బాధ్యత, మేస్త్రీల బాధ్యత.

మందుల షాపులో నెలల తరబడి నొప్పి బిళ్ళలు కొని మింగితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు చెడతాయి. ఊళ్ళో తిరిగే ఆర్.ఎం.పి.ల చేత మోకాలిలోకి సూది పొడిపించుకోవడం మరీ ప్రమాదం. శుభ్రత లేని సూదితో కీలులో చీము పడితే అప్పుడు నిజంగానే కాలికి ముప్పు. ఇక నడకే పూర్తిగా ఆగి, రాత్రి నిద్ర కూడా పట్టనంత ముదిరినవారికి కీలు మార్పిడి ఆపరేషన్ ఉన్నది. అది వేరు, కీహోల్ వేరు. అది పెద్ద కోతే అయినా, అవసరమైనవారికి మేలు చేస్తుంది. చిన్న కోత ఎప్పుడూ మంచిది, పెద్ద కోత ఎప్పుడూ చెడ్డది అన్న లెక్క సరికాదు.

సంతకం పెట్టే ముందు

ఆపరేషన్ అనగానే సంతకం పెట్టకుండా రోగి గాని, వెంట పోయినవారు గాని ఈ ప్రశ్నలు అడగాలి:

1. ఇది దెబ్బ వల్ల వచ్చిందా, అరుగుదల వల్ల వచ్చిందా?

2. మూడు నెలలు వ్యాయామం చేసి చూస్తే నష్టం ఉన్నదా?

3. ఆపరేషన్ చేయించుకోకపోతే ఏమవుతుంది?

4. ఎన్ని రోజులు పనికి పోరాదు? మొత్తం ఖర్చు ఎంత?

5. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా?

అడిగితే డాక్టరుగారికి కోపం వస్తుందని జంకనక్కరలేదు. మంచి డాక్టరు సంతోషంగా చెబుతారు. భారత వైద్య మండలి 2002లో చేసిన నియమావళి ప్రకారం, ఆస్పత్రిలో చేరిన రోగి తన వైద్యం కాగితాలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఆ కాగితాలు, ఎక్స్‌రేలు తీసుకుని మరో డాక్టరుకు చూపించవచ్చు. రోగిని పంపినందుకు డాక్టర్లు కమీషన్ ఇవ్వడం, పుచ్చుకోవడం కూడా ఆ నియమావళి తప్పు పట్టింది. కాబట్టి “నేనే దగ్గరుండి చేయిస్తాను” అని ఆస్పత్రి దాకా వచ్చే పెద్దమనిషిని, ఎందుకంత శ్రద్ధ అని అడగడంలో తప్పు లేదు.

2007 ఏప్రిల్ 1న మొదలైన ఆరోగ్యశ్రీ పథకంలో మన రాష్ట్రంలో కుటుంబానికి ఏడాదికి పరిమితిని 2023 డిసెంబరు 9 నుంచి పది లక్షల రూపాయలకు పెంచారు. నూటికి రెండు మూడు రూపాయల వడ్డీకి అప్పు చేసే ముందు, ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి విచారించుకోవడం మేలు.

ప్రభుత్వం చేయవలసినది

తప్పంతా జనానిదే అనడం న్యాయం కాదు. వ్యాయామం నేర్పే మనిషి దగ్గరలో లేనప్పుడు, చీటీ మీద “వ్యాయామం” అని రాసి ఏం లాభం? నేర్పేవారు లేక, నొప్పి ఓర్చలేక జనం పట్టణం బాట పడుతున్నారు. 2023 సెప్టెంబరులో ఖమ్మంలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. అక్కడి ఎముకల వైద్యులు వారానికి ఒక్కరోజు మధిర ప్రభుత్వ ఆస్పత్రికి వచ్చి చూస్తే, ఎవరికి ఆపరేషన్ కావాలో ఎవరికి అక్కరలేదో అక్కడే తేలిపోతుంది. వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టు నెలకు రెండుసార్లయినా మండల కేంద్రానికి రావాలి. ఆశా కార్యకర్తలకు ఈ నాలుగు వ్యాయామాలు నేర్పితే, మహిళా సంఘాల సమావేశాల్లోనే చేయించవచ్చు. దీనికి కోట్ల ఖర్చు లేదు, కొత్త భవనం అక్కరలేదు. జిల్లా వైద్యాధికారులు మనసు పెడితే చాలు.

నాట్లు మొదలయ్యేలోగా ఈ ఏర్పాటు జరిగితే ఎన్నో ఇళ్ళు అప్పు తప్పించుకుంటాయి. పసిబిడ్డ మడమకు పెట్టే ఒక్క చిన్న గాటు నూరేళ్ళ నడక ఇస్తుంది. అరిగిన మోకాలికి పెట్టే అదే చిన్న గాటు అప్పును మాత్రమే మిగిలిస్తుంది. ఈ తేడా తెలియజెప్పవలసిన బాధ్యత అధికారులది, తెలుసుకుని అడగవలసిన బాధ్యత ప్రజలది.